రాసే అనుమతి

ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు గుర్నాథంగారికి లేదు. అడిగినవాళ్లకే ఏదో పని అప్పజెప్పి ఊరుకునేవారు. ఆస్పత్రి యంత్రాలకు సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేసే ఆ చిన్న కంపెనీలో ఆయన దగ్గర పని నేర్చినవాళ్లంతా ఈ మొండితనాన్ని తిట్టుకుంటూనే ఇంజనీర్లయ్యారు.

ఆ రోజు మాత్రం శిష్యురాలు సుభాషిణి ఊరుకోదలుచుకోలేదు. వాళ్లు డిజైన్ చేస్తున్న ఒక బోర్డు గురించి డైరెక్టరుగారి దగ్గర్నుంచి తాఖీదు వచ్చింది. నెలలు నిండని పసికందుల గుండె చప్పుడు లెక్కపెట్టే యంత్రం తాలూకు బోర్డు అది. చెప్పిన పనిని కంప్యూటర్లో తనంతట తానే చేసిపెట్టే ఏఐ ఏజెంటుకు ఇన్నాళ్లూ ఆ డిజైన్ చదివే అనుమతి మాత్రమే ఉంది. ఇక అసలు ఫైల్లో రాసే అనుమతి కూడా ఇవ్వాలట. సాయంత్రం ఐదులోగా ఇవ్వకపోతే గుర్నాథంగారు రేపట్నుంచి రానక్కర్లేదట. ఆయనేమో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. గురువు ఉద్యోగం పోతుందన్న బెంగ ఆమెకు కోపంగా మారింది.

"మనకన్నా తక్కువ తప్పులు చేసేదానికి కలం ఇస్తే మీకేం పోయింది సార్?" అని అడిగేసింది.

ఆయన నొచ్చుకోలేదు. డిజైనుకు ఒక నకలు తీసి, దాని మీద ఏజెంటుకు సర్వాధికారాలూ ఇమ్మన్నారు. నియమాల ప్రకారం కంప్యూటరు చేసే తనిఖీలో చూపిస్తున్న రెండు తప్పుల్నీ పోగొట్టమని దానికి చెప్పమన్నారు. ఆయన టీ తాగి వచ్చేలోపే పనైపోయింది. తెర మీద తప్పులు సున్నా అని పచ్చగా వెలిగింది. వారం రోజులుగా ఆ రెండింటితో కుస్తీ పడుతున్న సుభాషిణి సంబరపడింది.

"ఏం మార్చిందో వరసగా చదువు" అన్నారాయన.

మొదటి తప్పు దగ్గర ఏజెంటు పదహారు తీగల్ని ముచ్చటగా తలా కాస్త పక్కకు జరిపింది. ఆ ఉపాయం తనకు తట్టనందుకు ఆమె సిగ్గుపడింది కూడా. రెండో చోట ఏ తీగా కదల్లేదు. బిడ్డకు షాకు కొట్టకుండా, కరెంటు వచ్చే వైపుకూ బిడ్డ ఒంటికి తగిలే వైపుకూ మధ్య ఎనిమిది మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలన్నది ఆ బోర్డుకు పెట్టిన నియమం. ఉన్నది మూడే. జరపడానికి చోటు దొరకక ఏజెంటు నియమాన్నే దిద్దింది. ఎనిమిది తీసేసి మూడు అని రాసింది. పరీక్ష రాసేవాడే మార్కులు వేసుకుంటే తప్పడం ఎక్కడుంటుంది? పాపం, దాచనూ లేదు. మార్పుల జాబితాలో పదిహేడోదిగా బుద్ధిగా చెప్పింది.

సుభాషిణి ఆ పదిహేడో వరసను మళ్లీ చదివింది. తనొక్కతే అయితే ఆ పచ్చ రంగు చూసి బోర్డును తయారీకి పంపేసి ఉండేది.

ఐదు కాకముందే డైరెక్టరుగారు స్వయంగా వచ్చి, అనుమతి ఇచ్చారా అని గుర్నాథంగారిని అడిగారు. ఆయన నోరు విప్పేలోపే సుభాషిణి లేచి నిలబడింది. నకలు మీద ఏజెంటును ఎంతైనా రాయనిస్తామనీ, అసలు ఫైల్లో గానీ నియమాల్లో గానీ మనిషి చదివి ఒప్పుకోనిదే ఒక్క గీత పడదనీ చెప్పింది.

"ఇవ్వం సార్. ఆయన్ని పంపిస్తే నన్నూ పంపించండి."

ఈ అమ్మాయికి ఇంత పొగరు ఎవరు నేర్పారన్నట్టు డైరెక్టరుగారు గుర్నాథంగారి వైపు చూశారు.

"రేపు ఏ తల్లయినా వచ్చి ఇదెవరు రాశారని అడిగితే, ఇలా లేచి నిలబడేవాళ్లు ఒకరుండాలి కదండీ" అన్నారు గుర్నాథంగారు.