దుమ్ము అని రాసిన అంకె

"తెలియదు" అన్న మాటను పరంజ్యోతి టీచరుగారు రాసినంత ఇష్టంగా ఇంకెవరూ రాయరని ఆవిడ శిష్యులు చాటుగా నవ్వుకునేవారు. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చెప్పి రిటైరైన ఆవిడ, తణుకులో తన ఇంటి ముందుగదిలో ఒక వింత చదువు చెబుతుండేది. పాతకాలపు కార్ల పందెం ఆటల ఫైళ్లు విప్పి, తమకు కావలసినట్టు మార్చుకునే చదువు. కారు ఫైలు తెరిస్తే లోపల మాటలుండవు, అంకెల బారులుంటాయి. ఏ అంకె కారులో దేన్ని నడిపిస్తుందో అడుగుదామంటే ఆట చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అందుకని ఒక్క అంకె మార్చాలి, ఆట నడపాలి, ఏం మారిందో చూడాలి. అనుమానం పూర్తిగా తీరేదాకా ఆ అంకె పక్కన "తెలియదు" అనే రాయాలి. అది ఆవిడ పెట్టిన నియమం.

ఆ శిష్యుల్లో ఒకడైన హరనాథ్‌కు ఆ నియమం ఒంటబట్టలేదు. అతనికంత తీరిక లేదు. అన్న ఉమాపతి ఒకప్పుడు ఇంటర్నెట్ సెంటర్ నడిపినవాడు. అక్కడ ఆడే కార్ల పందెం ఆటలో అతన్ని ఓడించిన కుర్రాడు ఊళ్లో లేడు. ఉమాపతికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక, లేవమంటే గోడవైపు తిరిగి పడుకునేవాడు. పాత ఆట పెట్టి చూపిస్తే మాత్రం లేచి కూర్చున్నాడు. కాని అలవాటు లేని ఎడమచేత్తో కీబోర్డు మీట నొక్కగానే కారు గిర్రున తిరిగి గోడకు కొట్టుకునేది. కాస్త మెల్లగా తిరిగే కారు కావాలి, అంతే. "ఆదివారం దాకా చూస్తాన్రా. అవకపోతే ఈ డబ్బా తీసి అవతల పారెయ్. మళ్లీ నన్ను లేపకు," అన్నాడు ఉమాపతి.

హరనాథ్ ఒక అంకె పెంచాడు. కారు మెల్లగా తిరిగింది. సంబరపడి, పక్కన "స్టీరింగ్" అని రాసేసి, ఇంకా పెంచాడు. ఉమాపతి నడిపి చూసి కీబోర్డును పక్కకు తోసేశాడు. "కారడిగితే ఎద్దుబండి తెచ్చావేంట్రా? బ్రేకేస్తే ఆగదు, ఎత్తు ఎక్కదు." దాన్ని సరిచేయబోయి హరనాథ్ ఇంకో నాలుగు అంకెలు కదిపాడు. కారు మరీ పాడైంది. శనివారం పొద్దున్నే టీచరుగారి ఇంటికొచ్చి, కూర్చోలేక నిలబడలేక, మనసులో ఉన్నది కక్కేశాడు.

"మీ ఫైల్లో ఈ అంకె పక్కన ఇప్పటికీ 'తెలియదు' అనే ఉంది. నేను ఒక్కపూటలో కనిపెట్టాను. ఎన్నాళ్లండీ తెలియదు, తెలియదంటూ కూర్చోవడం?"

ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు. "ఆ అంకె మొదట ఎంతుందో అంతే పెట్టి, తిన్నని రోడ్డు మీద నడుపు. తర్వాత పెంచి నడుపు. రెండుసార్లూ పక్కకు మాత్రం తిప్పకు."

"తిప్పకుండా స్టీరింగ్ సంగతి ఎలా తెలుస్తుందండీ?"

"నడుపు నాయనా. పెట్రోలు నీదీ కాదు, నాదీ కాదు."

నడిపాడు. మొదటిసారి కారు రివ్వున వంతెన దాటింది. అంకె పెంచాక, మిగతా కార్లన్నీ వంతెన దాటిపోయినా అతనిది ఈడ్చుకుంటూ వెనకే ఉంది. అతను పక్కకు తిప్పే మీట ముట్టుకోనైనా లేదు. ఇంట్లోనూ కారు ఇలాగే ఈడ్చుకుంటూ నడిచింది. కంప్యూటర్ పాతది కదా అనుకుని ఊరుకున్నాడు.

"అయ్యో, ఇది బరువు! అన్నయ్య కారు మీద బస్తాలేసి పంపించానా?"

"బరువే కావచ్చు," అంది ఆవిడ.

"అయినా 'తెలియదు' అనే ఉంచారే!"

"నాకు మరుపెక్కువైంది హరనాథూ. చూసింది మరిచిపోతే మళ్లీ చూసుకుంటాను. ఊహించానన్న సంగతే మరిచిపోతే, ఎక్కడికెళ్లి వెతకను?"

అతను రాసుకున్న పేర్లన్నీ చెరిపేశాడు. అన్న ఫోన్ చేశాడు: "ఏరా, అయిందా, పారేస్తావా?" నాలుగైదు అంకెలు ఒక్కసారే మార్చేద్దామని వేళ్లు దురద పెడుతున్నాయి. కాలు ఊపుకుంటూనే ఒక్కొక్కటే మార్చి, ఒక్కోసారి తిన్నగా, ఒక్కోసారి మలుపులో నడిపాడు. మధ్యాహ్నం దాటాక ఒక అంకె తగ్గించేసరికి, తిన్నని రోడ్డు మీద ఏమీ మారలేదు. మలుపులో మాత్రం చక్రాలు నెమ్మదిగా పక్కకు తిరిగాయి. అంతకుముందు ఆ అంకె పక్కన అతను రాసుకున్నది "దుమ్ము". అప్పుడు దాన్ని పెంచితే కారు జారి, చక్రాల కింద దుమ్ము లేచింది. అతను దుమ్మునే చూశాడు, చక్రాలను కాదు.

టీచరుగారికి చెప్పను కూడా చెప్పకుండా ఇంటికి పరుగెత్తాడు. సాయంత్రం ఆవిడకు ఫోనొచ్చింది. "అన్నయ్య మలుపు దాటాడండీ! గోడకు తగల్లేదు! ఇప్పుడు రాసెయ్యనా, స్టీరింగ్ అని?"

ఆవిడ జవాబిచ్చేలోపే వెనక నుంచి ఉమాపతి గొంతు గట్టిగా వినబడింది: "ఒరేయ్, ఫోను పక్కన పడేసి నా వీపు వెనక ఇంకో తలగడ పెట్టరా! రెండో మలుపొచ్చేస్తోంది!"

"పేరుకేం తొందర," అంది పరంజ్యోతి టీచరుగారు. "ముందు తలగడ పెట్టు."