జమ్ము మేసిన గేదె

ఊరి చివర ఇళ్లల్లో అంట్లు తోమిన నీళ్లు, బట్టలుతికిన నీళ్లు అన్నీ ఒకే కాలువలో పడి పల్లానికి వచ్చేవి. అక్కడ ఊళ్లోవాళ్లు ఒక మడి తవ్వి, నిండా గులకరాళ్లు పోసి, జమ్ము, మెట్టతామర నాటారు. నురగలతో నల్లగా వచ్చిన నీళ్లు ఆ రాళ్ల సందుల్లో, వేళ్ల మధ్య మెల్లగా నడిచి అవతలి గుంటలోకి తేటగా దిగేవి. కాటుక అనే గేదె, దాని దూడ ఆ గుంటలోనే తాగేవి. జమ్ములో ఒక నీటికోడి గూడు కట్టి పిల్లల్ని చేసింది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. గుంట సగానికి దిగింది. ఒక సాయంత్రం నక్క వచ్చి గట్టు మీద ఒద్దికగా కూర్చుంది.

"దూడ చిక్కిపోయింది వదినా."

"నీళ్లు చాలడం లేదు మరిదీ."

"ఎలా చాలుతాయి? పైన కాలువలో ధార మొద్దంత. ఇక్కడ దిగేది చిటికెన వేలంత. మధ్యలో తాగేస్తున్నదెవరు?"

గేదె జమ్ము వైపు చూసింది.

"నేను గడ్డి తినేవాణ్ణి కాను, అందులో నాకొచ్చేదేముంది? దూడ మొహం చూసి చెప్పాను, అంతే," అంది నక్క.

ఆ మాట విని నీటికోడి పరుగున వచ్చింది. "అక్కా, జమ్ము నీళ్లు తాగే మాట నిజమే. తాగేది గుక్కెడు, పట్టి ఆపేది కడివెడు మురికి. దాన్ని తీసేస్తే నీ గుంటలోకొచ్చేది మురుగే."

"నీ గూడుంది కాబట్టి నువ్వలాగే అంటావు."

"గూడుంది. అంతమాత్రాన అబద్ధమవుతుందా?"

వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతి. తెల్లారగానే గేదె మడిలో దిగింది. జమ్ము కరకరా నమిలింది, మెట్టతామరను దుంపలతో సహా పెరికింది, రాళ్లను చెల్లాచెదురుగా తొక్కింది. దారి దొరకగానే నక్క వెనకనుంచి దూరి పిల్లల్ని మింగి గూడు ఖాళీ చేసింది. నీటికోడి అరుపులు గేదెకు వినబడ్డాయి. వినబడనట్టే మేసింది.

నీళ్లు పెరిగాయి. గుంట నిండింది. "తాగమ్మా, కడుపునిండా తాగు," అని దూడను ముందుకు నెట్టింది.

వారం తిరక్కుండా నీళ్లు నల్లబడ్డాయి, కంపు లేచింది, దోమలు ముసిరాయి. దూడకు పారుడు పట్టుకుంది. తల్లి నాకుతూనే ఉంది. ఒక పొద్దున మూతితో ఎంత నెట్టినా దూడ లేవలేదు.

నీటికోడి గట్టు మీద ఒంటరిగా తిరుగుతోంది.

"ముందే చెప్పావు కదే," అంది గేదె.

"చెప్పాను."

"ఆ నక్కేది?"

"దాని పని అయిపోయిందిగా. పొలాలు దాటి పోయింది."

"జమ్ము మళ్లీ మొలుస్తుందంటావా?"

"వేళ్లుంటే మొలిచేది. నువ్వు అవీ మిగల్చలేదక్కా."

ఎండ ఎక్కింది. చుట్టుపక్కల ఇంకెక్కడా నీళ్లు లేవు. గేదె చాలాసేపు నిలబడి, చివరికి కళ్లు మూసుకుని ఆ నల్లనీళ్లలోనే మూతి పెట్టింది.

తనకేమీ అక్కర్లేదని సలహా మోసుకొచ్చినవాడి అక్కరేమిటో ముందు వెతకాలి.