గూబ గుడ్లప్పగించిన కథ

ఒకప్పుడు గుడ్లగూబకి గుడ్లగూబ అనే పేరు లేదు. ఉత్త గూబ. దాని కళ్ళు కూడా ఇప్పటిలా ఉండేవి కావు, కందిగింజలంత ఉండేవి. అది అందరిలాగే పొద్దున్నే లేచి, పగలంతా తిరిగి, చీకటి పడితే తొర్రలో దూరి పడుకునేది.

పగలంతా తిరిగేది అన్నాను కదా, ఎక్కడ తిరిగేదో కూడా చెప్పాలి. ఇంకెక్కడ? పక్కవాళ్ళ పెరట్లో.

ఆ పెరడు నాంచారమ్మది. అందులో ఒక ములగచెట్టు, ఒక గడ్డివాము, ఒక రాళ్ళకుప్ప ఉండేవి. రాటకి కట్టేసిన ముసలి గేదె, ఒక పుంజు, ఒక ఎర్రపెట్ట ఉండేవి. కంచెకి అవతల నేరేడుచెట్టు. గూబ కాపురం ఆ చెట్టు తొర్రలో. కంచె వేసింది అడ్డం కోసమని అందరూ అనుకుంటారు. గూబ మాత్రం తను కూర్చోడానికే వేశారనుకునేది.

ఆ రోజుల్లో ఎర్రపెట్టకి పెద్ద కష్టమే వచ్చింది. కిందటిసారి అది పొదిగిన గుడ్లు ఒక్కటీ పిల్ల కాలేదు. అన్నీ మురిగిపోయాయి. నాంచారమ్మ చెడ్డదేం కాదు, నూకలు దోసిళ్ళతో చల్లుతుంది. కానీ ఉన్నమాట మొహం మీదే అనేస్తుంది.

"ఇదిగో ఎర్రదానా! ఈసారి కూడా పిల్లల్ని చెయ్యలేదనుకో, మా అల్లుడొచ్చేసరికి నువ్వు పులుసులో ఉంటావు. తరవాత నన్నని లాభం లేదు."

ఎర్రపెట్ట చప్పుడు చెయ్యకుండా వెళ్ళి, గడ్డివాము పక్కన ఉన్న చిల్లుబానలో గుడ్డు పెట్టుకుంది. అప్పట్లో పెట్టలు గుడ్డు పెట్టి నోరు మెదిపేవి కావు.

గుడ్డు పెట్టి తలెత్తేసరికి కంచె మీద గూబ.

"ఏమొదినా, పెట్టావా?"

"పెట్టాను."

"ఇంతేనా? మా మేనత్త దీనికి రెండింతలు పెట్టేది. అదేంటి, ఈ పక్క కాస్త పాలిపోయింది? నువ్వు సరిగ్గా తినట్లేదు. అవునూ, పుంజన్నయ్య నిన్ను బొత్తిగా పట్టించుకోడంటగా?"

"ఎవరన్నారు?"

"నేనే అంటున్నాను."

అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. గూబ ఆ పూటే బయలుదేరి చెరువుగట్టు కొంగకీ, తాటిచెట్టు కాకికీ, దారినపోయే గాడిదకీ చెప్పొచ్చింది. మర్నాడు గాడిద పనిగట్టుకుని వచ్చి, "నీ గుడ్డు పాలిపోయిందట కదమ్మా, ఇప్పుడెలా ఉంది?" అని అడిగి వెళ్ళింది.

ఎర్రపెట్ట గూడు మార్చింది. రోలు వెనక పెట్టింది. మధ్యాహ్నానికి గూబ వచ్చి రోలు మీద వాలింది. తట్ట కింద పెట్టింది. గూబ తట్ట చిల్లులోంచి చూసింది. పిల్లి తన పిల్లల్ని తిప్పినట్టు తిప్పి తిప్పి, చివరికి మళ్ళీ ఆ చిల్లుబాన దగ్గరికే వచ్చింది పాపం.

పోనీ మంచిగా చెప్పి చూద్దామని తన నూకల్లో సగం గూబకి పెట్టింది. "వదినా, ఇవి తిని నీ తొర్రలో హాయిగా కూర్చోవే" అంది. గూబ నూకలు తింది. మూతి తుడుచుకుని, "ఏదీ, ఇవాళ్టి గుడ్డు చూపించు" అంది.

ఈ బాధ నాంచారమ్మ కంట్లో కూడా పడింది. ఆవిడ ఒక పాత పిడతకి మసి పూసి, సున్నం బొట్లు పెట్టి, దిష్టి తగలకుండా బాన పక్కన కర్రకి బోర్లించింది. అది చూసి గూబ రెక్కలు కొట్టుకుంటూ వచ్చేసింది.

"ఇదెందుకు కట్టారొదినా? దీని కింద ఏదో ఉండే ఉంటుంది!"

అంతకు ముందు కాస్త వెతుక్కునేది. ఇప్పుడు ఆ శ్రమ కూడా తప్పింది.

గుడ్లన్నీ పెట్టడం అయ్యాక నాంచారమ్మ బానలో మెత్తటి గడ్డి సర్ది పెట్టని పొదగేసింది. ఇక గూబ కంచె దిగితే ఒట్టు. పెట్ట కాస్త లేచి గుడ్లు తిప్పుకుంటే చాలు, మెడ చాచి చూసేది.

"వదినా, అలా గుడ్లప్పగించి చూడకే! నీకు పుణ్యం ఉంటుంది" అని బతిమాలింది ఎర్రపెట్ట.

రెప్ప వెయ్యకుండా అదే పనిగా చూస్తే మనవాళ్ళు గుడ్లప్పగించి చూడటం అంటారు. ఆ గుడ్లు కనుగుడ్లు. పెట్ట కూడా మాటవరసకి అలాగే అంది.

"చూస్తే అరిగిపోతాయా వదినా?" అంది గూబ. "నేనేమైనా ఎత్తుకుపోతున్నానా? చూస్తున్నాను. అంతేగా!"

రాళ్ళకుప్పలో ఒక జెర్రిపోతు ఉండేది. గుడ్లంటే దానికి ప్రాణం. పెరట్లో ఎక్కడో గుడ్లున్నాయని దానికి తెలుసు, ఎక్కడున్నాయో తెలీదు. ఊరంతా గూబ చాటింది కదా, దానికెందుకు తెలీలేదంటారా? పాములకి చెవులుండవు. గూబ ఎంత వాగినా దానికి ఎక్కలేదు. కళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. ఎర్రపెట్టకి గొంతెండిపోయి, చటుక్కున దిగి కుడితితొట్టి దగ్గరికి పరిగెత్తింది. ఇదే సందని గూబ కంచె మీద ముందుకి వంగి, బానలోకి గుడ్లప్పగించింది.

జెర్రిపోతు రాళ్ళ సందులోంచి తల పెట్టి గూబని చూసింది. గూబ చూపు ఎటు పోతోందో చూసింది. ఆ చూపు పట్టుకుని గడ్డిలోంచి జారుకుంటూ బాన దాకా వచ్చి, లోపలికి దూరింది.

గూబ అంతా చూసింది. అరిస్తే సరిపోయేది. ఒక్క అరుపు అరిస్తే పెట్ట వచ్చేది, నాంచారమ్మ వచ్చేది. కానీ రోజంతా ఆడే ఆ నోరు ఆ ఒక్కపూటా ఆడలేదు. భయం వేసిందా అంటే అదీ లేదు. అంత వింత అది పుట్టి ఎరగదు. రెప్ప వేస్తే ఏం తప్పిపోతుందోనని చూస్తూనే ఉంది.

ఎర్రపెట్ట తిరిగొచ్చి గుండెలు బాదుకుంది. పాము తోక మీద ఎగిరి పొడిచింది. ఆ గోలకి నాంచారమ్మ కర్ర పుచ్చుకుని వచ్చింది. జెర్రిపోతు ఉబ్బిన పొట్ట ఈడ్చుకుంటూ రాళ్ళకుప్పలోకి పోయింది. నాంచారమ్మ బానలోకి తొంగిచూసింది.

"సగం పోయాయి. నీ రాతే అంతేనే ఎర్రదానా! మిగిలినవీ ఇలాగే పోతే నేను చింతపండు నానేసుకోవాల్సిందే" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఎర్రపెట్టకి ఏడుపు తన్నుకొచ్చింది. పులుసు సంగతి తరవాత. పోయిన గుడ్లని రోజూ ముక్కుతో తిప్పి తిప్పి వెచ్చబెట్టుకుంది అది. ఏది నున్నగా ఉంటుందో, ఏది కాస్త గరుగ్గా ఉంటుందో దానికి తెలుసు. మిగిలినవాటిని రెక్కల కిందకి లాక్కుని, "గేదత్తా! నాకు న్యాయం చెప్పు" అని అరిచింది.

ఆ పెరట్లో ఏ తగువొచ్చినా గేదె దగ్గరికే. గేదె ఏ మాటనైనా బాగా నెమరేసి గాని తీర్పు చెప్పదు. అందుకే ఎక్కువమంది తగువులు మధ్యలోనే మానేసి ఇంటికి పోయేవారు. ఇవాళ మాత్రం కొంగా, కాకీ, గాడిదా కూడా వచ్చి చేరాయి, ఎవరూ పోలేదు.

"ఏం జరిగిందో చూసినవాళ్ళెవరు?" అని అడిగింది గేదె.

పుంజు ముందుకొచ్చింది. "నేను గడ్డివాము మీదే ఉన్నానత్తా. గూబ గుడ్లప్పగించింది. దేన్నబ్బా ఇంతగా చూస్తోందని నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను."

"మరి నువ్వు అరవలేదేం?"

"నా అరవడం పొద్దున్నే అయిపోయిందత్తా."

గేదె ఆ సంగతి వదిలేసింది. ఇంకో మాట దాని దవడలో పడింది. "గూబ గుడ్లప్పగించిందా? ఎవరికి అప్పగించింది?"

అందరూ గొల్లున నవ్వారు. గూబ కూడా నవ్వింది. "అయ్యో గేదత్తా! అది మాటవరసకి అంటారు. ఈ గుడ్లు కాదు, నా కనుగుడ్లు. నేను చూశాను, అంతే. నేనేమైనా గుడ్లు తీసి ఆ పాము చేతిలో పెట్టానా?"

గేదె నవ్వలేదు. గుడ్లు అప్పగించింది, గుడ్లు అప్పగించింది అని ఆ మాటనే ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చి మార్చి నమిలింది. తరవాత రాళ్ళకుప్ప వైపు తిరిగి తోక ఊపింది. జెర్రిపోతు తల బయటపెట్టింది. తిన్నది అరగక దానికి కదిలే ఓపిక లేదు. దానికి వినబడదు కాబట్టి గేదె కొమ్ముతో బానని చూపించి, ఎలా దొరికిందన్నట్టు తల ఎగరేసింది.

"నేనెక్కడ వెతికానమ్మా? నెలంతా వెతికితే దొరకలేదు" అంది జెర్రిపోతు. "ఇవాళ ఆ గూబమ్మ ఎటు చూస్తే అటు పోయాను. ఆవిడ చూపు నేరుగా బానలోకి దింపింది."

గూబ నవ్వు ఆగిపోయింది.

"అయితే అది మాటవరస కాదు. నువ్వు నిజంగానే గుడ్లు అప్పగించావు" అంది గేదె. "పాము గుడ్లు తినడం దాని తిండి. దాని సంగతి నాంచారమ్మ కర్ర చూసుకుంటుంది. నువ్వు పొరుగుదానివి. పెట్ట నీకు తన నూకలు పెట్టింది. అరవాల్సినప్పుడు కూడా చూస్తూ కూర్చున్నావు."

ఆ మాటలకి గూబకే గూబ గుయ్యిమంది.

"చూడటం నీకిష్టం కదా, ఇక చూడు. మిగిలిన గుడ్లు పిల్లలయ్యేదాకా కాపలా నీదే. చీకటి పడితే పెట్టకి కళ్ళు కనబడవు. కర్ర చూశాక పాము ఇక పగలు రాదు, వస్తే అప్పుడే. రెప్ప వాల్చావంటే ఒప్పుకోను. ఏం కదిలినా గట్టిగా అరువు."

గూబ ఒప్పుకుంది. ఒప్పుకోక చేసేదేముంది? ఊరంతా చెప్పడానికి ఈసారి గాడిద సిద్ధంగా ఉంది.

ఆ రోజు నుంచి గూబ రాత్రి నిద్ర మానేసి, పగలు తొర్రలో పడుకోవడం మొదలుపెట్టింది. చీకట్లో పాము ఏ మూల నుంచి వస్తుందో తెలీదు, అందుకని కూర్చున్నచోటు నుంచే మెడ ఇటు చివరి నుంచి అటు చివరిదాకా తిప్పడం నేర్చుకుంది. ఆకలేస్తే గడ్డివాములో ఎలకని పట్టుకుని తినేది, ఆ రుచి మరిగింది. జెర్రిపోతు తిన్నది అరిగాక మళ్ళీ వచ్చింది. గూబ చూసింది. ఈసారి నోరు తెరిచి "గూ!" అని అరిచింది. నాంచారమ్మ కర్ర తీసుకుని రావడం చూసి జెర్రిపోతు కంచె దాటింది. మళ్ళీ ఆ పెరట్లో కనబడలేదు.

చీకట్లోకి విప్పార్చి విప్పార్చి చూడటంతో గూబ కళ్ళు రోజురోజుకీ పెద్దవయ్యాయి. కందిగింజలు కాస్తా రేగుపళ్ళంత అయ్యాయి. చివరికి మొహంలో ఎవరో రెండు కోడిగుడ్లు పొదిగినట్టు గుండ్రంగా తయారయ్యాయి.

ఒకరోజు పొద్దున బానలో టిక్కుమంది. ఒక పెంకు చిట్లింది, దాని పక్కది చిట్లింది. తడితడిగా పిల్లలు బయటికొచ్చాయి. మిగిలిన గుడ్లలో ఒక్కటీ మురగలేదు. నాంచారమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని చూసి, "పోనీలే, అల్లుడికి ములక్కాడల పులుసు పెడతాను" అంది. ఎర్రపెట్టకి అప్పుడు ప్రాణం కుదుటపడింది.

ఆ కిచకిచలు విని గూబ తొర్రలోంచి బయటికి దూకింది. దూకి కళ్ళు మూసేసుకుంది. అంత పెద్ద కళ్ళలోకి ఎండ అంతా ఒక్కసారి దిగబడింది. నీళ్ళు కారిపోయాయి. ఎంత ప్రయత్నించినా రెప్ప తెరవలేకపోయింది. ఊరి గుడ్లన్నీ చూసింది, తను కాపలా కాసిన పిల్లల్ని మాత్రం చూడలేకపోయింది.

"వదినా! ఎలా ఉన్నారే పిల్లలు? ఏం రంగు?" అని కళ్ళు మూసుకునే అడిగింది.

ఎర్రపెట్ట జవాబు చెప్పకుండా పోవచ్చు. అడగాల్సినవి, అడక్కూడనివి అన్నీ అడిగిన పొరుగే అది. కానీ పిల్లల్ని వెంటేసుకుని కంచె దాకా వచ్చింది. "ఇదిగో, ఇది పసుపు. ఇది నాలాగే ఎరుపు. దీని వీపు మీద నల్లచార ఉంది వదినా. ఇదేమో పొట్టిది, అందరికన్నా గట్టిగా అరుస్తోంది, నీ పోలికే" అని ఒక్కోదాన్నీ చెప్పింది. గూబ వింటూ కూర్చుంది.

కానీ విన్నదానితో సరిపెట్టుకునే రకం కాదు కదా. చీకటి పడగానే కళ్ళు విప్పుకుని వచ్చేసింది. అప్పటికి పిల్లలన్నీ తల్లి రెక్కల కింద దూరి నిద్రపోయాయి. బయటికి ఒక్క కాలివేలు కూడా కనబడటం లేదు.

"ఒక్కసారి రెక్క ఎత్తవే వదినా! చూస్తే అరిగిపోతారా?"

ఎర్రపెట్ట రెక్కలు ఇంకాస్త దగ్గరికి బిగించుకుంది.

ఈ గొడవంతా పడ్డాక పెట్టకి ఒక తెలివొచ్చింది. పొరుగువాళ్ళు వచ్చి ఆరా తీసేదాకా ఎందుకని, అప్పటినుంచే గుడ్డు పెట్టగానే గూటికి దూరంగా వచ్చి తనే ఊరంతా వినబడేలా కొక్కొక్కో అని చెప్పేస్తుంది. పెట్టానని చెబుతుంది, ఎక్కడ పెట్టిందో చెప్పదు.

గూబ కళ్ళు మళ్ళీ చిన్నవి కాలేదు. అప్పటినుంచే దాన్ని గుడ్లగూబ అంటున్నారు. పగలు కోడిపిల్లలు బయట తిరుగుతుంటే అది కళ్ళు తెరవలేదు. రాత్రి అది కళ్ళు తెరిస్తే కోడిపిల్లలు బయట ఉండవు. అందుకే రోజూ చీకటి పడగానే కంచె మీదకొచ్చి, మెడ అటూ ఇటూ తిప్పి, గుడ్లప్పగించి చూస్తూ ఉంటుంది.