రవ్వ ఆపేసిన పాఠం

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక బడి. బడి అంటే మామూలు బడి అనుకునేరు! అందులో పులిపిల్ల, జింకపిల్ల పక్కపక్కనే కూర్చునేవి. పొద్దున గంట మోగిందంటే చాలు, మళ్ళీ సాయంత్రం గంట మోగేదాకా ఎవరూ ఎవరినీ తినకూడదు. మధ్యాహ్నం అన్నాలప్పుడు మాత్రం అందరూ వీపులు తిప్పుకుని తినాలి. ఎందుకంటారా? ఒకరి డబ్బాలో ఉన్నది ఇంకొకరికి మేనమామ కావచ్చు కదర్రా!

ఆ గంట ఎప్పుడో దారి తప్పిన ఆవు మెళ్ళోంచి జారిపడింది. దాన్ని నేరేడు కొమ్మకి కట్టారు. ముళ్ళయ్య మాస్టారు కొడితే ఖంగుమని కొండ అవతలికి వినబడేది. ముళ్ళయ్య మాస్టారు ఏదుపంది. కోపం వస్తే చాలు, ఒంటిమీద ముళ్ళన్నీ లేచి నిలబడేవి. అందుకే ముందు బెంచీ ఎప్పుడూ ఖాళీ.

ఆ బడిలో రవ్వ అని ఒక ముంగిసపిల్ల ఉండేది. దానికి ఆ గంటంటే ప్రాణం. ఒక్కసారి కొట్టనిస్తే జన్మకి చాలు అనుకునేది. నిద్రలో వాళ్ళమ్మ తోక పట్టుకుని "ఖంగ్! ఖంగ్!" అని లాగేది. పాపం, వాళ్ళమ్మ!

ఒకరోజు మాస్టారు అన్నారు. "పిల్లలూ, రేపు శాంతి పండుగ. శాంతి పాఠం ఎక్కడా ఆగకుండా అప్పజెప్పినవాళ్ళే ఏడాదంతా గంట కొడతారు."

రవ్వకి ఇంకేం కావాలి! ఎగిరి గంతేసి మెలిక నెత్తిన పడింది. మెలిక అంటే పాముపిల్ల, రవ్వకి బెంచీ నేస్తం.

"అబ్బా! గంట నీదేలేవే తల్లీ, ముందు నా మీంచి లే!" అన్నాడు మెలిక.

తెల్లారింది. గొంతు తడుపుకోవడానికి సొరకాయ బుర్ర నిండా నీళ్ళు పోసి మెళ్ళో వేసుకుంది రవ్వ. గంతులేస్తూ, పాఠం వల్లెవేస్తూ బయల్దేరింది.

"లోకమంతా ఒకే ఇల్లు. అందరూ మన చుట్టాలే. దాహమన్నవాళ్ళకి నీళ్ళివ్వాలి..."

దారిలో పొద కింద ఒక పెద్ద బాతు కూలబడి ఉంది. అలాంటి బాతు ఆ అడవిలో ఎన్నడూ కనబడలేదు.

"పాపా, మంచుకొండల అవతలి నుంచి వస్తున్నాను. గాలికి మావాళ్ళ నుంచి విడిపోయాను. కాసిని మంచినీళ్ళు ఇస్తావా తల్లీ?" అంది బాతు.

"అయ్యో, ఉండండీ! నేను 'నీళ్ళివ్వాలి' అన్న చోటే ఉన్నాను. మధ్యలో మాట్లాడిస్తే మర్చిపోతాను!" అని తుర్రుమంది రవ్వ.

బాతు కుంటుకుంటూ బడి గుమ్మం దాకా వచ్చింది.

"పాపా, కాస్త కూర్చోడానికి చోటుంటుందా?"

"మళ్ళీ మీరేనా! ఇప్పుడే 'దారి తప్పినవాళ్ళకి చోటివ్వాలి' దాకా వచ్చాను. కొంచెం పక్కకి జరగండి, నేను లోపలికి పోవాలి!"

పోటీ మొదలైంది. ఒక్కొక్కరే అరుగెక్కి పాఠం అప్పజెప్పాలి. ఎలుగుపిల్ల సగంలో గుర్రుపెట్టి నిద్రపోయింది. కోతిపిల్లకి 'నీళ్ళివ్వాలి' అనగానే దాహం వేసింది, దిగి వాగుకి పోయింది. చిలక హడావిడిలో సగం మాటలు మింగేసింది. అందరూ ఒకటే నవ్వు!

రవ్వ అరుగెక్కింది. అబ్బో, ఏం చెప్పిందనుకున్నారు! గలగలా వాగు పారినట్టు చెప్పింది. "దాహమన్నవాళ్ళకి నీళ్ళివ్వాలి. దారి తప్పినవాళ్ళకి చోటివ్వాలి. బాధ చెప్పుకునేవాళ్ళ మాట..."

ఇక మిగిలింది 'వినాలి' అన్న ఒక్క ముక్క. అది అనేస్తే గంట తనదే!

అప్పుడే గుమ్మం బయట ఎండిపోయిన గొంతు ఒకటి గరగరమంది. "నీళ్ళు..."

రవ్వ గంట వైపు చూసింది. గుమ్మం వైపు చూసింది. నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది. అంతే! ఒక్క దూకు దూకింది. మాస్టారి నెత్తి మీంచి దూకింది! మాస్టారి ముళ్ళన్నీ జివ్వున లేచాయి.

"పిన్నీ, తాగు పిన్నీ! పొద్దున్నే ఇవ్వాల్సింది. తప్పయిపోయింది" అంటూ బుర్రలో నీళ్ళన్నీ బాతు గొంతులో పోసింది. "జరగండర్రా!" అని అరుస్తూ తీసుకొచ్చి ముందు బెంచీ మీద కూర్చోబెట్టింది.

"రవ్వా, ఆగిపోయావేం? పాఠం మర్చిపోయావా?" అన్నారు మాస్టారు.

"మర్చిపోలేదు మాస్టారూ. ఇప్పుడే గుర్తొచ్చింది."

మాస్టారి ముళ్ళు ఒక్కొక్కటే మెల్లగా వాలిపోయాయి. "బంగారుతల్లివే! కానీ ఆగావు కదా, మాటంటే మాటే. గంట నీకు రాదు" అన్నారు.

రవ్వకి ఏడుపు ఆగలేదు. ముక్కు చీదుకుంటూ బాతు పక్కనే కూర్చుంది.

చివరికి మెలిక బుసబుసలాడుతూ పాఠమంతా ఆగకుండా చెప్పేశాడు. గెలిచాడు! చప్పట్లే చప్పట్లు! తీరా కొమ్మెక్కాక చూసుకుంటే ఏముంది? చేతులేవీ? గంట లోపల వేలాడే నాలుకకి చుట్టుకున్నాడు. అటు ఊగాడు, ఇటు ఊగాడు. గంట కిక్కురుమనలేదు.

"ఒసేయ్ రవ్వా! ఏడుపాపి ఇలా రా! నా తోక పట్టుకుని లాగు!" అని పైనుంచి అరిచాడు.

బడి బడంతా కొమ్మ కింద మూగింది. ముంగిస పాము తోక పట్టుకుంటే ఎక్కడైనా ఏమవుతుంది? యుద్ధమవుతుంది! రవ్వ కళ్ళు తుడుచుకుంది. తోక పట్టుకుంది. బలమంతా పెట్టి లాగింది.

ఖంగ్! ఖంగ్! ఖంగ్!

"నెమ్మదే! తోకూడుతుంది!" అని మెలిక, "ఇంకొక్కసారిరా!" అని రవ్వ. ఇద్దరూ విరగబడి నవ్వుతున్నారు.

ఆ మోత కొండ అవతలికి పోయింది. బాతు కోసం వెతుకుతూ తిరుగుతున్న దానివాళ్ళు అక్కడ ఆ మోత విన్నారు. కాసేపట్లో ఆకాశమంతా రెక్కల చప్పుడే! బాతు ఒక్కసారి కేకేసింది. గుంపు గుంపంతా బడి ముందు దిగింది.

"పిన్నీ, వీళ్ళంతా ఎవరు?" అంది రవ్వ.

"ఇంకెవరు తల్లీ, నీ చుట్టాలే!" అంది బాతు.

ఆ రోజు ముందు బెంచీలో చోటు చాలక బాతులు మాస్టారి కుర్చీ కూడా ఎక్కేశాయి, మాస్టారు నిలబడే పాఠం చెప్పారు.

నీతి: శాంతి పాఠం నోటికొస్తే సరిపోదర్రా, చేతికి రావాలి.