మంచుకొండల అవతలికి పొగాకు

ఇప్పలకోన అడవిలో దుప్పులు, కుందేళ్ళు, నెమళ్ళతో పాటు గుండయ్య అనే ముసలి ఎలుగుబంటి ఉండేవాడు. ఏటా చలికాలం రాగానే మంచుకొండల అవతలి నుంచి బాతుల గుంపు ఆ అడవిలోని మడుగులో దిగేది. ఆ గుంపులోని పయనయ్య అనే బాతు, గుండయ్య ప్రాణస్నేహితులు. సాయంత్రమైతే ఇద్దరూ ఒకే వెదురు గొట్టంలో పొగ పీలుస్తూ కబుర్లు చెప్పుకునేవారు.

ఆ ఏడు బాతులు వచ్చాయి. పయనయ్య రాలేదు.

గుండయ్య ఒక్కొక్క బాతు ముఖమూ చూస్తూ మడుగంతా తిరిగాడు. చివరికి ఒక పడుచు బాతు ఎదురొచ్చింది.

"పెదనాన్నా, నేను పయనయ్య కూతుర్ని, నీహారను. నాన్న రెక్కల్లో బలం లేదు. ఇక ఇంత దూరం ఎగరలేడు. నువ్వు కోసిన పొగాకు వాసన చూడాలని ఉందట. తిరిగొచ్చేటప్పుడు తెమ్మన్నాడు."

"అలాగే తల్లీ" అన్నాడు గుండయ్య.

మర్నాడే గుహలో వేలాడదీసిన ఎండుటాకులు దింపాడు. వాటి మీద నీళ్ళు చిలకరించి, తడి గోనెలో చుట్టి పెట్టాడు. అవి గుడ్డలా మెత్తబడ్డాక ఒక్కో ఆకు నడిమి ఈనె చీల్చి తీశాడు. మధ్యలో ఏదో చెప్పబోయి పక్కకు తిరిగాడు. పక్కన ఎవరూ లేరు. మళ్ళీ పనిలో పడ్డాడు.

అది చూసి చురకయ్య అనే నక్క పకపకా నవ్వాడు. "ఆకు కోయడానికి ఇంత తతంగమా, గుండన్నా? నాకూ నాలుగాకులివ్వు. ఒక్క పూటలో కోసి చూపిస్తా. మంచుకొండల అవతల నా పేరే చెప్పుకుంటారు!"

"ఆకు మెత్తబడందే కోయకు తమ్ముడూ" అన్నాడు గుండయ్య, ఆకులిస్తూ.

చురకయ్య వినలేదు. ఎండుటాకుల్నే ఈనెలతో సహా టకటకా నరికి పొట్లం కట్టేశాడు.

గుండయ్య ఆకుల్ని దొంతరగా పేర్చి, గట్టిగా చుట్టి, బండ కింద పెట్టాడు. బండ ఎత్తేసి వెంటనే కోసేయాలని చేతులు ఎన్నిసార్లు ఆత్రపడ్డాయో! అయినా వారం ఆగాడు. తరువాత గోటితో దారాల్లా సన్నగా కోసి, నీడలో ఆరబెట్టి, మోదుగాకులో కట్టాడు.

చలి తగ్గింది. బాతులు బయలుదేరే రోజు వచ్చింది.

"ముందు నాది చూడు!" అంటూ చురకయ్య పొట్లం విప్పాడు. నీహార రెక్క ఆడించగానే లోపలి పొడంతా లేచి అతని కళ్ళలోనే పడింది. కళ్ళు నులుముకుంటూ, తుమ్ముకుంటూ చురకయ్య పొదల్లోకి పరుగెత్తాడు. పొట్లంలో ఈనె ముక్కలే మిగిలాయి.

గుండయ్య తన పొట్లాన్ని నీహార కాలికి భద్రంగా కట్టాడు.

"నాన్నకేం చెప్పను, పెదనాన్నా?"

గుండయ్య పొట్లం ముడి ఇంకోసారి బిగించాడు. "జాగ్రత్తగా వెళ్ళు తల్లీ" అన్నాడు. గుంపు కనుమరుగయ్యేదాకా తల ఎత్తి నిలబడ్డాడు.

ఎన్నో పగళ్ళు ఎగిరి నీహార ఇల్లు చేరింది. ముసలి పయనయ్య పొట్లం విప్పి, ముక్కు దూర్చి, కళ్ళు మూసుకున్నాడు. ఒక పోగు తీసి వెలుతురులో చూశాడు. కోత ఎక్కడా వణకలేదు.

"మా గుండయ్య బాగానే ఉన్నాడు" అన్నాడు.

నీతి: ఓపికతో చేసిన పని మన ప్రేమను ఎంత దూరమైనా చేరుస్తుంది. గొప్ప కోసం తొందరపడి చేసిన పని ఎవరికీ అక్కరకు రాదు.