తెరలదిన్నె అమ్మవారి దగ్గు దరువు

తెరలదిన్నెకు వచ్చే భక్తులు మొట్టమొదట అడిగే ప్రశ్న, గర్భగుడికి తలుపులు ఎందుకు లేవని. నిజమే, లేవు. ఒక గడప, రెండు రాతి ద్వారబంధాలు, వాటి ముందు ఒక ఎర్రని తెర మాత్రమే ఉన్నాయి. ఆ తెరకు కొక్కెం లేదు, తాడు లేదు. దర్శనవేళకు ఇద్దరు మనుషులు దానిని చేతులతో ఎత్తి పట్టుకుంటారు. ఒక కొస తల నెరిసిన పెద్దల చేతిలో ఉంటుంది, రెండవ కొస బడి ఈడు బిడ్డ చేతిలో ఉంటుంది. బిడ్డకు ఎత్తు చాలదు గనుక ఒక పాత చెక్కపెట్టె మీద నిలబడుతుంది. ఇద్దరూ కలిసి అమ్మవారి దరువు పాడతారు. వేషధారి తెర వెనుక నిలబడి తానెవరో చెప్పుకుంటూ పాడే పాటను మా ప్రాంతంలో దరువు అంటారు. పాట ముగియగానే ఇద్దరూ ఒక్కసారిగా తెర దించాలి. ఒకరు ముందు, ఒకరు వెనుక దించితే పూజారి మొహమాటం లేకుండా మళ్ళీ ఎత్తమంటాడు, ఎంత పెద్దవాళ్ళు వచ్చినా సరే.

ఆ దరువు మధ్యలో ఒకచోట పాడేవాళ్ళతో పాటు గుడిలోని జనమంతా గట్టిగా దగ్గుతారు. కొత్తగా వచ్చినవాళ్ళు కంగారుపడి ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకోవడం మేము చూస్తూనే ఉంటాము. కంగారు అక్కరలేదు. అది జబ్బు కాదు, ఈ క్షేత్రపు ఆచారం. దాని వెనుక ఉన్న కథను మా పెద్దలు చెప్పినట్లుగా ఇక్కడ వ్రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఊరిపేరు రాగులదిన్నె. చుట్టూ రాతి గుండ్లు, ముళ్ళపొదలు, పడమట వంక అని మేము పిలిచే చిన్న వాగు, ఆ వంకకు ఇవతల నలభై యాభై గడపల ఊరు. ఆ ఊరికి ఉన్న సంపద ఒకే ఒక్కటి, అమ్మవారి ఆట. ఏటా వేసవి చివర, తొలకరికి ముందు, పంటకళ్ళంలో అమ్మవారి కథను ఆడేవారు. పగటిపూట మొదలుపెట్టి, దీపాలు పెట్టే వేళకు ముందే అమ్మవారి వేషం తెర వెనుక నుండి బయటికి రావాలి. అంతవరకు ఊరంతా పస్తు. అమ్మవారు కనబడ్డాకే పొయ్యిలు వెలిగేవి.

ఆటకు ఒక కట్టడి ఉండేది. ఒకసారి తెర లేచిందంటే దరువు ముగిసేదాకా దించరాదు, వెనుక ఏం జరుగుతున్నదో తొంగిచూడరాదు. దరువు నడుమ తెగిపోయినా, అది ముగియకుండానే దీపాల వేళ అయినా, అమ్మవారికి ఆ ఊరిమీద మనసు విరిగిందని అర్థం. అప్పుడు కిరీటము, గజ్జెలు, భుజకీర్తులు ఉన్న వేషాల పెట్టెను వంకలో కలిపేయాలి. ఆ ఊరు మరి ఆట ఆడరాదు. వంకకు అవతలి ఊరికి అదే గతి పట్టింది. ఆ ఊరివాళ్ళు అప్పటినుండి ఆట చూడడానికి రాగులదిన్నెకే వచ్చి, వెనుక వరుసలో తలవంచుకొని కూర్చునేవారు. వాళ్ళను చూసిన ప్రతిసారీ మావాళ్ళకు భయం వేసేది. కొంచెం గర్వం కూడా వేసేది, దాచడమెందుకు.

అమ్మవారి వేషం కట్టేవాడు గంగులప్ప. పండు ముసలివాడు, నిలువెత్తు మనిషి, కంచు గొంతు. అమ్మవారి దరువు అతడికి తప్ప మరెవ్వరికీ రాదు. ఆటనాడు విందామన్నా తప్పెట్ల మోతలో మాటలు చెవినపడవు, వంతపాటగాళ్ళకు పల్లవి ఒక్కటే తెలుసు. ఎవరికైనా నేర్పమని పెద్దలు అడిగితే అతడు ఒకే సమాధానం చెప్పేవాడు.

"యాడుండారప్పా నేర్చుకునేవాళ్ళు? నిలబడి మూడు మాటలు సెప్పలేరు. పాలపళ్ళు ఊడని పిల్లోళ్ళకా అమ్మారి పాట?"

ఊరివాళ్ళు అతడి మాటకు ఎదురు చెప్పేవారు కాదు. అమ్మవారి నగలు తొడిగే మనిషితో వాదన పెట్టుకోవడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది?

అయితే గంగులప్పకు తెలియనిది ఒకటి ఉంది. అతడు రోజూ పొద్దున్నే దిన్నె మీది పెద్ద గుండెక్కి, ఎవరూ వినడం లేదనుకొని దరువు సాధన చేసేవాడు. ఆ గుండు అవతల మేకలు తోలే పిల్లలు ఉండేవారు. వాళ్ళకు నాయకురాలు సుంకమ్మ. మేకల నారాయణప్ప కూతురు, పదేళ్ళ లోపు పిల్ల, మాటకారి. ఆమె తన తండ్రి పైగుడ్డను ఇద్దరు పిల్లలచేత తెరగా పట్టించి, తాను దాని వెనుక చేరి అచ్చం గంగులప్పలాగా పాడేది. అతడి మెడ తిప్పుడు, అతడి మూలుగు, చివరికి అతడి దగ్గు కూడా. పొద్దుటి చలిగాలికి రెండవ చరణం చివర గంగులప్పకు దగ్గు వచ్చేది. అది కూడా పాటలోని భాగమేనని పిల్లలు నమ్మారు. ఆ చరణం ఏమిటంటే,

వచ్చె వచ్చెనమ్మ తల్లి వంక దాటి వచ్చె
పచ్చ పసుపు పాదాల దుమ్ము లేపి వచ్చె

దుమ్ము లేచాక దగ్గు రావడంలో పిల్లలకు తప్పేమీ కనబడలేదు. అందుచేత ఎంతో శ్రద్ధగా అక్కడ దగ్గేవారు. ఒకనాడు గంగులప్ప కంటబడ్డారు. తనను ఎగతాళి చేస్తున్నారని అతడు మండిపడి చేతికట్టె విసిరాడు. పిల్లలు మేకలకన్నా ముందు పరుగెత్తారు.

ఆ ఏడు ఆటకు ముందు అమ్మవారు గంగులప్ప కలలోకి వచ్చింది. "ఒక్కనివే నన్ను మోయలేవురా, తోడు తెచ్చుకో" అని చెప్పి మాయమైంది. గంగులప్ప లేచి బాగా ఆలోచించాడు. వయసు మీదపడింది కదా, అమ్మ తన మెడమీద జాలిపడి కిరీటం బరువు సంగతి చెబుతున్నదని తేల్చుకున్నాడు. కంసాలిని పిలిపించి కిరీటంలోని అద్దపు బిళ్ళలు సగం తీయించాడు. పెద్దమనుషులు దేవతల మాటలను తమకు అనువుగా అర్థం చేసుకోవడం కొత్త సంగతి కాదు.

ఆటనాడు కళ్ళం కిటకిటలాడింది. తెర ఒక కొస గంగులప్ప బావమరిది చెంగప్ప పట్టాడు, రెండవ కొస మునెప్ప పట్టాడు. ఇద్దరూ గంగులప్ప ఈడువాళ్ళే. తెర లేచింది, గజ్జె మోగింది. గంగులప్ప గొంతు మొదటి చరణంలో ఖంగుమన్నది. రెండవ చరణం పాడాడు, చివర దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక మూడవ చరణం కోసం నోరు తెరిచాడు. అక్కడ ఏమీ లేదు. జీవితమంతా పాడిన పాట మనసులో నుండి తుడిచిపెట్టినట్లు పోయింది.

దరువు నడుమ గజ్జెతో అడుగులు వేయడం మామూలే గనుక మొదట ఎవరికీ అనుమానం రాలేదు. గంగులప్ప అడుగులు వేస్తూనే ఉన్నాడు. గజ్జె ఆగనంతవరకు దరువు తెగినట్లు కాదు. తప్పెటగాళ్ళు చేతులు నొప్పి పుట్టేదాకా వాయించి, మెల్లగా తగ్గించారు. పొద్దు వంక మీదికి దిగింది. చెంగప్ప తల తిప్పకుండానే, పెదవులు కదపకుండా అడిగాడు.

"ఏం బావా, ఏమాయె?"

"మాట రాలేదురా చెంగా" అన్నాడు గంగులప్ప. ఆ గొంతులో కంచు లేదు, ఏడుపు ఉంది.

ఆ మాట తెరకు దగ్గరగా ఉన్నవాళ్ళకు వినబడి, వరుస వెంట వరుస పాకింది. అవతలి ఊరివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఈ దృశ్యం వాళ్ళకు తెలుసు. ఆడవాళ్ళు చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పొద్దు గుంకితే పెట్టె వంక పాలు, ఆట లేని ఊరుగా రాగులదిన్నె మిగిలిపోతుంది. తెర వెనుక గంగులప్ప పరిస్థితి చెప్పనలవి కాదు. తనతోనే అమ్మ వెళ్ళిపోతున్నదని అతడికి తెలుసు. పాటను ఎవరికీ ఇవ్వనిది తానేనని కూడా తెలుసు.

అంతలో మునెప్ప చేతులు అలసి కిందికి వాలసాగాయి. అతడివైపు తెర జారసాగింది. సందులో నుండి గంగులప్ప కిరీటపు కొన కనబడింది. జనం హాహాకారం చేశారు. ముందు వరుసలో కూర్చున్న సుంకమ్మ ఒక్క ఉదుటున లేచి, జారుతున్న కొసను పట్టుకుంది. ఆమె చేయి ఎత్తితే తెర సగమే లేచింది. పక్కనే ఉన్న వేషాల పెట్టెను కాలితో ముందుకు లాగి, దానిమీదికి ఎక్కి నిలబడింది.

"దిగే సుంకీ! అది అమ్మారి పెట్టె!" అని చెంగప్ప గద్దించాడు.

"నేను దిగితే తెర పడతాది మామా" అన్నది ఆ పిల్ల.

సుంకమ్మ తెర వైపు మొహం వంచి, వెనుకవైపు చూడకుండా అన్నది.

"తాతా, దుమ్ము లేపినాక అవ్వ నడక గదా వచ్చేది."

గజ్జెల అడుగులు మాత్రం పడుతున్నాయి. పిల్ల ఇక ఆగలేదు. గంగులప్పలాగానే మెడ తిప్పి, గొంతు బరువు చేసుకొని, మొదటినుండి ఎత్తుకుంది. వంక దాటింది, దుమ్ము లేపింది, అలవాటు ప్రకారం శ్రద్ధగా దగ్గింది. తన దగ్గును తాను బయటినుండి వినేసరికి గంగులప్పకు ఏమైందో ఏమో, ఆ దగ్గును పట్టుకొని మిగతాదంతా తిరిగి వచ్చింది. తెరకు ఇవతల పసిగొంతు, అవతల ముసలిగొంతు ఒక్కసారే అందుకున్నాయి.

అవ్వ నడక నడిచి వచ్చె, పాప నవ్వు నవ్వి వచ్చె
అడుగు మీద అడుగు వేసి అమ్మ ఊరికొచ్చె

దరువు ముగిసింది. చెంగప్ప, సుంకమ్మ ఒకరినొకరు చూసుకొని తెర దించారు. అప్పటికి పొద్దు అంచు ఇంకా వంక మీదే ఉంది. ఆ ఎర్రటి వెలుగులో, కిరీటం పెట్టుకున్న ముసలివాడూ పెట్టె మీద నిలబడ్డ పిల్లా పక్కపక్కన కనబడ్డారు. ఎవరికి మొక్కాలో జనానికి తెలియలేదు. ఇద్దరికీ కలిపి మొక్కారు.

ఆట ముగిసిన తరువాత గంగులప్ప ఆ పిల్లను దగ్గరికి పిలిచాడు.

"ఎవురు నేర్పిచ్చినారే నీకు?"

"నువ్వే తాతా. గుండు మీద కూచోని దినామూ పాడతాంటివి గదా. కట్టె ఇసిరేది గూడా నువ్వే."

గంగులప్ప నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. కలలో అమ్మ చెప్పిన తోడు ఎవరో అప్పటికి అర్థమైంది. మరునాటినుండి గుండు మీద కూర్చొని పిల్లలందరికీ తానే నేర్పసాగాడు. దగ్గు మాత్రం తీసేయమన్నాడు.

"అది పాట గాదు తల్లీ. ముసిలోని రోగం."

"అది తీసేస్తే ఆడినుంచి నాకు రాదు తాతా" అని సుంకమ్మ మొండికేసింది. గంగులప్ప ఆ తరువాత దాని జోలికి పోలేదు.

మరుసటి ఏడు ఆట నాటికి గంగులప్ప లేడు. ఊరివాళ్ళు ఎంతో తర్జనభర్జన పడి అమ్మవారి వేషం సుంకమ్మకే కట్టారు. ఆడపిల్ల వేషం కట్టడం ఆ చుట్టుపక్కల అదే మొదలు. అద్దపు బిళ్ళలు తీయించి తేలిక చేసిన కిరీటం ఆమె తలకు చక్కగా సరిపోయింది. తెర లేచింది. రెండవ చరణం చివర సుంకమ్మ దగ్గబోయింది గాని, దుఃఖం అడ్డుపడి దగ్గు రాలేదు. అప్పుడు తెర పట్టిన చెంగప్ప దగ్గాడు. అతడి వెనుక మునెప్ప దగ్గాడు. ఆపైన ముసలీ ముతకా, పిల్లా జెల్లా, అవతలి ఊరివాళ్ళతో సహా అందరూ దగ్గారు. ఆ దగ్గు ముగిసేసరికి తెర వెనుక నుండి మూడవ చరణం వచ్చింది.

మర్నాడు పొద్దున పెట్టె ఉన్నచోట మోకాలెత్తు శిల ఒకటి నేలలో నుండి లేచి కనబడిందని పెద్దల మాట. మేము నమ్ముతాము. ఎడమవైపు నుండి చూస్తే అమ్మవారి మొహంలో ముడతలు, కుడివైపు నుండి చూస్తే బుగ్గన సొట్ట ఇప్పటికీ స్పష్టంగా తెలుస్తాయి. అక్కడే గుడి కట్టారు. నాటినుండి ఊరిపేరు తెరలదిన్నె, తల్లి పేరు తెరలమ్మ.

నేటికీ ఏటా తొలకరికి ముందు ఆట జరుగుతుంది. ప్రతి వేషాన్నీ ఒక పెద్ద, ఒక చిన్న కలిసి నేర్చుకోవాలి, ఒంటరిగా వచ్చినవాళ్ళకు వేషం ఇవ్వరు. మాటలు ఆలస్యమైన పిల్లలను, మరపు వచ్చిన పెద్దలను ఇక్కడికి తీసుకువచ్చి తెర పట్టిస్తే అమ్మ మేలు చేస్తుందని భక్తుల అనుభవం. ప్రసాదం శొంఠి, మిరియాలు వేసిన బెల్లపు పానకం. ఎందుకో ఇక చెప్పనక్కరలేదు.

మిమ్మల్ని తెర పట్టడానికి పిలిస్తే జంకకండి. పాట రాకపోయినా రెండవ కొస పట్టినవారికి వస్తుంది. దుమ్ము లేచినచోట మాత్రం దగ్గడం మరువకండి. ఆ క్షణాన మన గంగులప్ప తెర వెనుక నిలబడి, మూడవ చరణం కోసం ఎదురుచూస్తూ ఉంటాడు.