ఎటు పంచినా మిగిలిన కుట్టు

నరసాపురం దగ్గర ఒక ఊళ్ళో, అల్లింది తప్పైనా సరే చచ్చినా విప్పని వజ్రమ్మ ఉండేది. లేసు అల్లడంలో ఆమె వేగం గురించి ఏం చెప్పను. సూది ఆడించిందంటే ఆ గాలికి పక్కింటివాళ్ళు విసనకర్రలు మానేశారు.

"నా వేళ్ళకి లెక్క తప్పడం రాదు" అనేది.

ఆ ఏడు హైదరాబాదులో లేసుల ప్రదర్శన పెట్టారు. శనివారం పొద్దుటికి గుండ్రటి బల్లగుడ్డ పూర్తి చేసినవాళ్ళని రైల్లో తీసుకెళ్తామని లేసు సంఘంవాళ్ళు చెప్పారు. వజ్రమ్మకి అరవై ఏళ్ళు. రైలు కూత రోజూ విన్నదే గాని, రైలెక్కింది లేదు.

గురువారానికి గుడ్డంతా అయింది. పరిస్తే వీధంతటికీ ఆ పూట ఎండ తగల్లేదు. ఇక అంచున పూరేకులే మిగిలాయి. ప్రతి రేకు కిందా కుట్లు సమానంగా పడాలి. లేదంటే చివరి రేకు వంకర పోతుంది.

వజ్రమ్మ పదేసి కుట్లకి ఒక ఎర్రదారం గుర్తు పెట్టుకుంటూ చుట్టూ వచ్చింది. చివర ఒక కుట్టు మిగిలింది. తొమ్మిదేసి పెట్టింది. ఒకటి మిగిలింది. ఎనిమిది, ఏడు, ఆరు కూడా చూసింది. ఆ ఒక్కటీ పిలవని చుట్టంలా కదలకుండా కూర్చుంది.

పక్కింటి కోడలు నూకరత్నం వచ్చి, "చివరి వరసలో మొత్తం ఎన్ని కుట్లత్తా?" అంది.

"రెండువేల ఐదువందల ఇరవై ఒకటి. నలభైసార్లు లెక్కపెట్టాను."

నూకరత్నం కాసేపు వేళ్ళు ముడిచింది. "ఎటు పంచినా ఒకటే మిగులుతోందంటే, ఆ ఒకటే ఎక్కువత్తా. అది తీసేస్తే రెండువేల ఐదువందల ఇరవై. ఒకటి నుంచి పది దాకా దేనితో పంచినా సరిపోయే సంఖ్యల్లో అదే అన్నిటికన్నా చిన్నది. ఎక్కడో ఒక కంతలో రెండు కుట్లు వేశావు."

"నేనా?"

"కాదులే, మీ పిల్లి వేసింది."

వజ్రమ్మ నవ్వబోయి ఆగింది. గుడ్డ తిప్పి, చివరి వరస మధ్యలో వేలు పెట్టింది. "ఇక్కడేనే. వేసిన రోజే తెలుసు. ఒక్క కుట్టు ఎవరికి కనపడుతుందిలే అనుకున్నాను."

"విప్పితే సగం వరస పోతుందత్తా."

దూరంగా రైలు కూసింది. వజ్రమ్మ దారం కొస పట్టుకుని లాగింది. పన్నెండు వందల కుట్లు ఊడిపోతుంటే ఆమె కళ్ళనీళ్ళకి గోదావరి జానెడు పెరిగింది. మళ్ళీ అల్లింది. ఈసారి ప్రతి కుట్టూ పైకి లెక్కపెట్టింది.

శుక్రవారం పొద్దున, "ఎన్నేసి కుట్లకో రేకు వెయ్యనే?" అని అడిగింది.

"నీ ఇష్టం. ఇప్పుడు ఏదైనా ఒప్పుకుంటుంది."

తొమ్మిదేసి వేసింది. ఇటు తను, అటు నూకరత్నం కూర్చుని రెండువందల ఎనభై రేకులు అల్లారు. ఒక్క కుట్టు మిగల్లేదు. శనివారం కిటికీ పక్క సీటులో కూర్చుని, వజ్రమ్మ రైలుపెట్టెలో అందరికీ తన తప్పు సంగతే చెప్పింది.

పిల్లలూ, తప్పు ఒక్క కుట్టంతే ఉన్నా దాస్తే పనంతా మొరాయిస్తుంది. ఒప్పుకుని విప్పితే ఆ పనే మన మాట వింటుంది.